వెనక గాలికి పట్టిన గుడ్డ

మానుకోటలో మిర్చి సీజన్ మొదలైతే మా ఇంట్లో ఎవరమూ గట్టిగా గాలి పీల్చం. మార్కెట్ యార్డు మా వాడకు రెండు వీధుల అవతలే. తలుపులు మూసినా, కిటికీలకు తెరలు కట్టినా, సాయంత్రానికి నేల మీద కాలు పెడితే అరికాళ్లు సన్నగా మండుతాయి. మొన్న షోరూములో తీగలేని వాక్యూమ్ క్లీనర్ వెనక అరచెయ్యి పెట్టినప్పుడు వెచ్చటి గాలితో పాటు అదే ఘాటు ముక్కుకు కొట్టింది. అది నేను మా ఇంటి నుంచి పొట్లం కట్టుకొచ్చిన దుమ్మే. ముందు నుంచి లోపలికి పోయి, వెనక నుంచి నా చేతిలోకి వచ్చింది. అమ్మేవాడు మాత్రం నేల చూపించి, అద్దంలా మెరుస్తోంది చూడండి మేడమ్ అంటూ నవ్వుతున్నాడు. నాకు నవ్వు రాలేదు. సాంబన్న గుర్తొచ్చాడు.

సాంబన్న జనగామలో స్టేషన్‌కు పోయే దారిలో మిక్సీలు, గ్రైండర్లు, దుమ్ము పీల్చే మిషన్లు బాగుచేసేవాడు. ఐటీఐ అయ్యాక నేను పెద్దవంగర నుంచి వచ్చి, మేనత్త ఇంట్లో ఉంటూ, ఆయన దగ్గర నాలుగేళ్లు పనిచేశాను. అంతటి అనుమానపు మనిషిని మళ్లీ చూడలేదు. చాయ్ తెస్తే గ్లాసును వెలుతురుకు ఎత్తి చూసేవాడు. సీలు విప్పని పెట్టెలోంచి తీసిన కొత్త పార్టునైనా గోరుతో గీకి చూడందే బిగించేవాడు కాదు. బ్యాటరీ నలభై నిమిషాలు నడుస్తుందని పెట్టె మీద రాసి ఉంటే, గోడ గడియారం కింద కూర్చుని ఫుల్ స్పీడు మీద నడిపేవాడు. అది పది నిమిషాలకే ఆగిపోతే, రాసెటోనికేం పోయింది అనుకుంటూ లేచేవాడు. వాక్యూమ్ క్లీనర్ వచ్చిందంటే తెల్ల గుడ్డ తడిపి, పిండి, దాని వెనక గాలికి అడ్డం పట్టేవాడు. ఎందుకని అడిగాను ఒకసారి.

"ముంగట ఎంత గుంజిందో అందరు జూస్తరు చెల్లె. ఎన్క ఏం ఇడుస్తుందో ఎవ్వరు జూడరు" అన్నాడు.

ఈ అనుమానం మిషన్ల మీదే అయితే నాకేం బాధ ఉండేది కాదు. నేను బిగించిన ప్రతిదాన్నీ ఆయన మళ్లీ విప్పేవాడు, అదీ వచ్చిన వాళ్ల ముందరే. నాకు తల కొట్టేసినట్టయ్యేది. ఆడపిల్ల చేసిన పని కదా, అందుకే నమ్మడం లేదని మనసులో ఖాయం చేసుకున్నాను.

ఒకరోజు జఫర్‌గఢ్ నుంచి ఒకాయన మిషన్ తీసుకుపోవడానికి వచ్చాడు. ఇంట్లో భార్యకు ఆయాసమట, బస్సు టైమైందట, ఒకటే తొందర పెట్టాడు. కడిగిన ఫిల్టర్ ఇంకా పూర్తిగా ఆరలేదు, తన గాడిలో సరిగ్గా కూర్చోవడం లేదు. నేను దాన్ని వేలితో నొక్కేసి, అంతా అయిపోయిందన్నాను. సాంబన్న మిషన్ అందుకుని విప్పాడు. ఫిల్టర్ అంచు మీద వేలు పెట్టి తడి చూశాడు, పక్కన ఉన్న సందు చూశాడు. నన్ను ఒక్క మాట అనకుండా, ఆయన్ను మర్నాడు రమ్మన్నాడు. ఆయన గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. తప్పు నాదే. అయినా నాకు ముందొచ్చింది కోపమే. స్క్రూడ్రైవర్ బల్ల మీద పడేసి అడిగాను.

"నా మీద గంత అనుమానమున్నప్పుడు నన్నెందుకు వెట్టుకున్నవ్ అన్నా?"

సాంబన్న ఫిల్టర్‌ను తీసి ఎండలో పెట్టాడు. తర్వాత భారతక్క సంగతి చెప్పాడు. భారతక్క ఆయన భార్య. రోజూ అన్నం డబ్బా తెచ్చేది, దుకాణం రెండు మెట్లు ఎక్కి తలుపు పట్టుకుని నిలబడిపోయేది. వయసు మీద పడి అలా ఆగుతుందనుకునేదాన్ని. ఆమెది ఆయాసమట. చీపురు పడదని, ఏళ్ల కింద ఆయన ఒక పాత మిషన్ బాగుచేసి ఇంటికి తీసుకుపోయాడు. ఫిల్టర్ వంకరగా కూర్చుంది. ఆమె సంబరపడి, తలుపులేసిన గదిలో మూలమూలా నడిపింది. మిషన్ వెనక నుంచి లేచిన సన్నటి దుమ్మంతా ఆమె లోపలికే పోయింది. నాలుగు రోజులు హన్మకొండ దవాఖానలో ఆక్సిజన్ మీద ఉంచారట.

"నేను బిగించిన్నని ఆమె నమ్మింది. నేను బిగించిన్నని నేను గూడ నమ్మిన. ఇద్దర్ల ఒక్కలన్న సూడకపోతిమి" అన్నాడు. అని, స్క్రూడ్రైవర్ నా చేతిలో పెట్టాడు. "రేపటి సంది నేను బిగించింది నువ్వు ఇప్పు."

నన్ను ఎగతాళి చేస్తున్నాడేమోనని దాన్నీ అనుమానించాను. కానీ మర్నాడు ఆయన బిగించిన మిక్సీని నా ముందుకు జరిపి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. విప్పి చూశాను, అంతా సరిగ్గానే ఉంది. కొన్ని రోజులకు ఆయన మరిచిపోయిన వాషర్ ఒకటి దొరికింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని పక్క దుకాణాల వాళ్లందరికీ చూపించి వచ్చాడు, మా చెల్లె పట్టింది అని. నా బతుకులో అంత గర్వపడిన రోజు ఇంకోటి లేదు.

తర్వాత ఆయన దుకాణం మూసి భూపాలపల్లిలో కూతురి దగ్గరికి వెళ్లాడు. అక్కడే పోయాడు. దినాలకు వెళ్తే భారతక్క నన్ను పట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే, ఫోటో ముందు దీపం కుదురుగా ఉందో లేదో రెండుసార్లు చూసుకుంది.

ఇప్పుడు ఆ ఆయాసం మా ఇంటికొచ్చింది. మా అమ్మాయి హారికకు తొమ్మిదేళ్లు. ఈ చలికాలంలో రెండుసార్లు దవాఖానకు ఎత్తుకుని పరుగెత్తాం. ఇంట్లో చీపురు ముట్టొద్దు, దుమ్ము లేపొద్దు అన్నాడు డాక్టర్. అందుకే తడి గుడ్డ, దుమ్ము పొట్లం సంచిలో వేసుకుని బయల్దేరాను. రెండు షోరూముల్లో గుడ్డ ఎర్రబడింది. కొత్త మిషన్లు మొదట్లో అలాగే ఉంటాయన్నారు. మూడో దుకాణంలో వెనక కూడా ఫిల్టర్, దాని చుట్టూ రబ్బరు ఉన్న మిషన్ ఒకటి చూపించారు. గుడ్డ తెల్లగానే ఉంది. నమ్మలేక మూడుసార్లు పట్టాను. అదే తెచ్చుకున్నాను.

ఇంటికి తెచ్చాక ఊరుకోబుద్ధి కాలేదు. విప్పి, ప్రతి ముక్కా చూసి, నా చేత్తోనే బిగించాను. హారికను పక్కింటి అరుగు మీద కూర్చోబెట్టి గదంతా నడిపాను. వెనక పట్టిన గుడ్డ చూశాను. తెల్లగా ఉంది. ఇక పిల్లను లోపలికి పిలవొచ్చు అనుకుని, గడప దాకా వచ్చి ఆగాను. అరుగు దగ్గరికి పోయి గుడ్డ దాని చేతికిచ్చాను.

"నేను జూసిన. ఇప్పుడు నువ్వు జూడు."

"నువ్వు జూసినవ్ గద అమ్మా."

"నేనే బిగించిన బిడ్డా. అందుకే."

హారిక గుడ్డను ఎండకు ఎత్తి పట్టుకుంది. అటూ ఇటూ తిప్పింది. ఒక మూల వేలు పెట్టి, "గిదేంది?" అంది.

ఆవగింజంత ఎర్రటి చుక్క. లోపలికి వెళ్లి మిషన్ వెనక చూస్తే, నేను బిగించిన చోట రబ్బరు ఒక మూల మడతపడి ఉంది. హారికను అరుగు మీదే ఉండమని చెప్పి, మడత సరిచేసి, గుడ్డ ఉతికి మళ్లీ పట్టాను. ఈసారి నేను చూడలేదు. ముందుగా దాని చేతికే ఇచ్చాను.