కర్త లేని వాక్యం

పేపర్లో ‘పడవ బోల్తా’ అన్న మాట కనిపిస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. తనంతట తాను బోల్తా కొట్టడానికి పడవకేం పట్టింది? ఈ మంట మా ఆశ్రమ పాఠశాల తెలుగు మేడం అంటించింది. కర్త లేని వాక్యం ఎవరు రాసినా, ఆవిడ డస్టరుతో బల్ల మీద టపటపా కొట్టి, “కర్త ఎవరు?” అని అడిగేది.

ఒకరోజు మంచుకొండను గుద్దుకున్న పెద్ద ఓడ కథ చెప్పి, అదెందుకు మునిగిందని అడిగింది.

“మంచుకొండ వల్ల మేడం,” అన్నాను.

“మంచుకొండ పరిగెట్టుకొచ్చిందేటి? ముందు మంచుందని కబురొచ్చినా వేగం తగ్గించనిదెవరు? అంతమందికి సరిపడా పడవలు పెట్టనిదెవరు? కర్త ఎవరు?”

ఆ వానాకాలమే ముంచింగిపుట్టు సంత నుంచి తిరిగొస్తున్న జనంతో నాటుపడవ రిజర్వాయరు దాటుతూ మునిగింది. నా పక్కన కూర్చునే అమ్మాయి తల్లి అందులో పోయింది. పరామర్శకని బడికొచ్చిన ఆఫీసరు, బడిలో ఇచ్చిన కాఫీ తాగి, “నీళ్లు ఎక్కువయ్యాయి, ప్రమాదం జరిగిపోయింది,” అన్నాడు.

మేడం అందరిముందూ లేచింది. “వంతెన కావాలని వీళ్లు అడిగి ఎన్నేళ్లయింది సార్? కట్టనిదెవరు? కర్త ఎవరు?”

ఆఫీసరు వాచీ చూసుకుని జీపెక్కాడు.

వారం తిరక్కుండానే ప్రార్థన సమయంలో హెడ్మాస్టరు, “మీ తెలుగు మేడంకి ట్రాన్స్‌ఫర్ అయింది,” అని చెప్పాడు.

తల్లి పోయిన దగ్గర్నుంచీ నోరు విప్పని ఆ అమ్మాయి వరసలోంచి ముందుకొచ్చింది.

“అవనేదు సార్, సేసినారు. ఎవులు సేసినారు?”