అడవిలో నారింజ మచ్చ

జుమ్రెత కాఫీ గిన్నెను పొయ్యి మీద పెట్టి, బెల్కిసా ముందున్న కంప్యూటర్ వైపు చూసింది. గని కంపెనీ తరఫున బాక్సైట్ ఖనిజం జాడ వెతకడానికి తుజ్లా నగరం నుంచి వచ్చిన భూగర్భ శాస్త్రవేత్త బెల్కిసా. ఆమె, డ్రైవర్ మిర్జెత్ వసంతం మొదలుకొని జుమ్రెత ఇంట్లోనే అద్దెకుంటున్నారు. వంట కూడా జుమ్రెతదే.

తెర మీద ఊరి వెనక కొండ ఉంది. ఉపగ్రహం తీసిన, మట్టి తేడా తెలిసేలా రంగులు మార్చిన ఆ బొమ్మలో అడవి నీలంగా మారిపోయింది. ఇనుము కలిసిన మట్టి మాత్రం నారింజ రంగులో కనబడుతోంది.

"ఇది పై బీడు కదూ?" జుమ్రెత ఒక మచ్చ మీద వేలు పెట్టింది. "చిన్నప్పుడు ఆవుల్ని తోలేవాళ్లం. అక్కడంతా నల్లమట్టి, తల్లీ."

"ఇప్పుడు ఎర్రమట్టే పిన్నీ. పాత బొమ్మల్లో లేదు," అంది బెల్కిసా.

జుమ్రెత కాఫీ పోసింది. ఎవరో తవ్వితేనే అడుగుమట్టి పైకొస్తుంది. యుద్ధం నాటి వేసవిలో ఆమె తమ్ముడు ఆసిమ్ ఆ కొండెక్కాడు, తిరిగి రాలేదు. అప్పట్లో చంపినవాళ్లను అడవిలోనే గోతులు తీసి పూడ్చేశారు. ఎముకలు దొరికితే పోల్చి చూడటానికని ఆమె రక్తం ఇచ్చి ఏళ్లయింది. కొండ నిండా మందుపాతరలుండటంతో ఇన్నాళ్లూ ఎవరూ పైకి పోలేదు. నిరుడే వాటిని ఏరేశారు.

"రేపు నేనూ వస్తా," అంది.

"దేనికి పిన్నీ? బాక్సైట్‌ని రొట్టెలో పెట్టి కాలుస్తావా?" అన్నాడు మిర్జెత్.

"కాలిస్తే నువ్వు వదుల్తావా? రెండో ముక్క కూడా అడుగుతావు."

బెల్కిసా నవ్వలేదు. ఆమెదీ ఈ దేశమే, వస్తాననేది దేనికో అర్థమైంది. "పిన్నీ, ఎముక కనబడితే పని ఆపేసి పోలీసులకు చెప్పాలి. మా రూలది."

"చెప్పండి."

మర్నాడు బీడు చేరేసరికే సంగతి తెలిసిపోయింది. ఏదో గాలివానకు బీడు అంచునున్న పెద్ద చెట్లు వేళ్లతో సహా కూలి, అడుగున ఉన్న ఎర్రమట్టిని పైకి లాగాయి.

"చెట్లు పడ్డాయి పిన్నీ, అంతే," అంది బెల్కిసా మెల్లగా.

"తవ్వండి."

మిర్జెత్ తవ్వాడు. మట్టిలో బఠాణీ గింజల్లాంటి గుండ్రటి గులకలు తగిలాయి. వాటిని చేతిలోకి తీసుకోగానే బెల్కిసా ముఖం వెలిగింది. మంచి ఖనిజం. జుమ్రెత తననే చూస్తోందని గమనించి గులకల్ని సంచీలో వేసేసింది.

"ఇక చాలు," అన్నాడు మిర్జెత్.

"ఇంకా."

అతను ఈసారి ఎగతాళి చేయలేదు. గుంత నడుం దాటింది. పార ఖంగుమంది. అతను వంగి, మట్టిని చేత్తో తుడిచి, అడుగున ఉన్న తెల్లటి సున్నపురాతి బండను జుమ్రెతకు చూపించాడు. ఆమె తలూపింది. రొట్టెల మూట విప్పి ముగ్గురికీ పంచి, తానూ తింది.

దిగేటప్పుడు అడిగింది. "గని వస్తే ఎంతమేర తవ్వుతారు?"

"అనుమతొస్తే కొండంతా. బండ తగిలేదాకా."

"ఆ మట్టంతా?"

"కింద, రోడ్డు పక్కన పోస్తారు."

"నిలబడి చూడనిస్తారా?"

బెల్కిసా సంచీ భుజం మార్చుకుంది. "నేనుంటే చూడనిస్తా," అంది.

శరదృతువులో గని అనుమతి గురించి ఊరివాళ్లను అడగడానికి బడిలో సభ పెట్టారు. గని వస్తే ఊట నీళ్లు చెడిపోతాయని ఊరంతా భయపడింది. ఆ భయం అబద్ధం కాదు. జుమ్రెత తాగేదీ ఆ నీళ్లే. గని కావాలనేవాళ్లు చేతులెత్తండి అన్నాడు అధికారి. ఒక్క చెయ్యే లేచింది.

"అద్దె డబ్బులు చాల్లేదా జుమ్రెతా? కొండను కూడా అమ్ముకుంటావా?" పొరుగింటి హస్నియా వెనక బల్ల నుంచి అరిచింది. జనం నవ్వారు. హస్నియా భర్త ఎముకలు వేరే లోయలో దొరికాయి. అతని సమాధి మీద తెల్లరాయి ఉంది.

జుమ్రెత వెనక్కి తిరిగింది. "నీవాడు దొరికాడు హస్నియా," అంది, ధర చెప్పినంత మామూలుగా.

నవ్వులు ఆగిపోయాయి. హస్నియా కూర్చుంది. అధికారికి ఏమీ అర్థం కాలేదు. "చెయ్యి దించొచ్చమ్మా," అన్నాడు.

"రాసుకున్నారా?" అని అడిగి, రాసుకునేదాకా జుమ్రెత చెయ్యి దించలేదు.