సపోటాల శనివారం దగ్గర ఆగిన లెక్క

మా వీధిలో కాలం చెప్పినట్టు వింటుంది. ఫిల్మ్‌నగర్ ఎత్తు మీద మా ఫ్లాటు. బాల్కనీకి ఎదురుగా షూటింగులకి అద్దెకిచ్చే బంగళా. అక్కడ మిట్టమధ్యాహ్నం కిటికీలకి నల్లగుడ్డలు కట్టి రాత్రి చేస్తారు. నడివేసవిలో ఆ ఒక్క ఇంటి మీదే వాన కురుస్తుంది, మా కాగితం పూల మీద చుక్క పడదు. నెలకో పెళ్లి జరుగుతుంది ఆ ఇంట్లో. అరుగు అదే, అరటి బోదెల పందిరి అదే, పెళ్లికూతురే మారుతుంది. కాపురానికొచ్చిన కొత్తలో కాఫీ గ్లాసు పట్టుకుని ఆ వాన చూస్తూ అలా నిలబడిపోయేదాన్ని. ఇప్పుడు ఉరుము వినబడినా ఆరేసిన బట్టలు తియ్యను.

మా ఫ్లాటులో నలుగురం ఉండేవాళ్లం. నేను, మావారు, అత్తయ్య, మామయ్య. మామయ్య సినిమా కంపెనీల్లో ప్రొడక్షన్ మేనేజరుగా చేశారు. యూనిట్‌కి టిఫిన్లు, కార్లు, జనరేటరు, అన్నీ ఆయన చేతి మీదుగా నడిచేవి. మోకాళ్లు మొరాయించాక ఇంటికే పరిమితమయ్యారు గానీ మేనేజరుగిరీ మానలేదు. మావారు లాప్‌టాప్‌లో ఇంటి లెక్కల సాఫ్ట్‌వేర్ వేసిస్తే, దాన్ని పట్టుకుని మమ్మల్నందర్నీ ఒక యూనిట్‌గా మార్చేశారు. కొత్తిమీర కట్టకి కూడా వోచరు అడిగేవారు. నాకసలే ముక్కు మీద కోపం.

"కొత్తిమీర అమ్మే మనిషి రసీదు ఇస్తుందా మామయ్యా?" అని విసుక్కునేదాన్ని.

"ఇవ్వదు. నువ్వు రాసి సంతకం పెట్టు," అనేవారు ఏమాత్రం తొణక్కుండా.

అత్తయ్య వంటింట్లోంచి నవ్వేది. ఆవిడ రహమత్ నగర్‌లో ఓ చిన్న బడిలో టీచరుగా చేసి రిటైరయింది. ఆ వోచర్లన్నీ గుండ్రటి అక్షరాలతో ఆవిడే రాసేది. నా సంతకం కూడా ఆవిడే పెట్టేసేది.

నా ఉద్యోగం ఎడిటింగ్ గదిలో. షూటింగులో తీసిందంతా డిస్కుల్లోకి ఎక్కించి, ఇంకో కాపీ తీసి వేరే చోట దాచడం నా పని. కాపీ లేని షాటు తియ్యని షాటుతో సమానం మాకు. అందుకని ఒకసారి జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ ట్రాఫిక్‌లో, హారన్ల మధ్య నుంచి, మామయ్యకి ఫోన్లో అరిచి చెప్పాను. "రోజూ లెక్క రాయడం అయిపోగానే బ్యాకప్ చెయ్యాలి మామయ్యా. మర్చిపోకండి."

"అది నాకు నువ్వు చెప్పాలా!" అన్నారాయన. ఎందుకో చాలా సంబరంగా అన్నారు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో కొత్త అలవాటు మొదలైంది. సాయంత్రం లెక్క రాయడం అవగానే మామయ్య కుర్చీలోంచి లేచి, చేతులు పైకెత్తి, "ప్యాకప్!" అని కేకేసేవారు. సెట్లో ఆ మాట పడితే లైట్లు ఆరిపోతాయి, మేకప్పులు తుడుచుకుంటారు, అందరూ ఇళ్లకి పోతారు. మా ఇంట్లో ఆ మాట పడితే ఇక టీవీ పెట్టుకోవచ్చని అర్థం. పాత ఉద్యోగం మీద మమకారం కొద్దీ అంటున్నారులే అనుకున్నాను.

పోయినేడు వానల్లో, ఒక ఆదివారం తెల్లవారుజామున అత్తయ్యకి ఆయాసం వచ్చింది. ఆస్పత్రిలో చేర్చాం. తిరిగి రాలేదు. మా చర్చిలో చనిపోయారు అనరు, నిద్రించారు అంటారు. పాస్టరుగారు ఆ మాట అన్నప్పుడల్లా నాకు ఆవిడ మధ్యాహ్నాలు కొంగు కళ్ల మీద కప్పుకుని దివాన్ మీద పడుకునే తీరే కనబడేది. గట్టిగా నడిస్తే లేస్తుందేమో అన్నట్టు చాలా రోజులు నేను హాల్లో మెల్లగా నడిచాను.

మామయ్య సగం మాటలు మానేశారు. పేపరు మానేశారు. లెక్క మాత్రం మానలేదు. సాయంత్రం ఆ కుర్చీలో కూర్చున్నంత సేపూ ఆయన ఇంకా ఒక పనికి కావలసిన మనిషి. ఆయనకి మిగిలిన ఉద్యోగం అదొక్కటే.

ఈ వేసవిలో ఒకరోజు ఆ లాప్‌టాప్ తెరుచుకోలేదు. టోలిచౌకిలో బాగుచేసే షాపుకి తీసుకెళ్లాను. షాపాయన దాన్ని విప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "డిస్కే ఖరాబైంది మేడం. ఇగ దీంట్లకెల్లి ఏం రాదు. బ్యాకప్ ఉన్నదా?"

"ఎందుకు లేదు!" అన్నాను ధీమాగా. ఇంటికొచ్చి మామయ్యని అడిగాను, బ్యాకప్ ఎక్కడ పెట్టారని.

"ఎక్కడ పెట్టడమేంటి? రోజూ చెబుతూనే ఉన్నాగా. నువ్వు వినట్లేదా?"

"చెప్పడమేంటి మామయ్యా?"

"ప్యాకప్! నువ్వేగా పని అవగానే ప్యాకప్ మర్చిపోకండి అన్నావు. ఆ మిషను కూడా మూసేటప్పుడు అడిగేది, స్పెల్లింగు తప్పుగా. నేను నో నొక్కేవాణ్ణి. ప్యాకప్ చెప్పాల్సింది మనిషి గానీ మిషనా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మావారు నవ్వేశారు. నవ్వి, వాళ్ల నాన్న భుజం మీద చెయ్యేసి, "పోనీలెండి నాన్నా, ఇకనుంచి నేను ఫోన్లో చూసుకుంటాను. మీకెందుకీ శ్రమ," అన్నారు. మంచికే అన్నారు. కానీ రేపట్నుంచి పనికి రావద్దని చెబితే మనిషి ముఖం ఎలా అవుతుందో మామయ్య ముఖం అలా అయింది. నాకు మావారి మీద ఒళ్లు మండింది. కళ్లతోనే నోరు మూయించాను, కానీ చేతిలో ఫైలు లేకుండా నేను మాత్రం ఏం చెయ్యను?

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చాక మామయ్య నా గది గుమ్మంలో నిలబడ్డారు. చేతిలో అత్తయ్య బైబిలు. అక్షరాలు పెద్దవని ఇప్పుడు ఆయన అదే పట్టుకెళుతున్నారు. దాని జిప్పు కవరు అరలో అత్తయ్య చర్చిలో వేసే కానుక కవర్లతో పాటు ఒక పెన్‌డ్రైవ్ ఉంటుంది. దాన్ని తీసి నాకిచ్చారు. "ఇందులో మీ అత్తయ్య పాటలున్నాయి. నేను లేచాక ఆ కుర్చీలో కూర్చుని వినేది. ఒకసారి పెట్టవూ? లెక్కలెలాగూ పోయాయి."

నా లాప్‌టాప్‌కి పెట్టాను. పాటలు లేవు. ఒక్క పాట కూడా లేదు. వరసగా ఫైళ్లు, ఒక్కోదాని పేరు ఒక్కో తేదీ. అవేమిటో నా కళ్లకి వెంటనే తెలిసింది, రోజూ నేను చేసే పనే కదా. పాటల కోసమని పెన్‌డ్రైవ్ అడిగి తీసుకున్నది నా దగ్గరే. ఆయన ప్యాకప్ చెప్పి లేచిపోయాక ఆవిడ కూర్చుని, లెక్క మళ్లీ తెరిచి మూస్తూ, మిషను అడిగినదానికి ఎస్ నొక్కేది. చివరి ఫైలు శనివారానిది. మర్నాడు తెల్లవారుజామునే ఆయాసం వచ్చింది.

మామయ్య చాలాసేపు ఆ తేదీలు చూశారు. "సౌండ్ రావట్లేదేమే అనేవాణ్ణి. చిన్నగా పెట్టుకున్నానండీ అనేది," అన్నారు. తర్వాత, "అంటే ఆవిడకి తెలుసు. నేను తప్పు మాట అంటున్నానని తెలుసు. బడిలో పిల్లల్ని ఒక్క అక్షరానికి వదిలేది కాదు, నన్నెందుకు దిద్దలేదు?"

"మీరు అలా కేకెయ్యడం ఆవిడకి ఇష్టం మామయ్యా," అన్నాను. అది నా ఊహే. కానీ నాకు అనుమానం లేదు.

నా లాప్‌టాప్‌లోనే సాఫ్ట్‌వేర్ కొత్తగా వేసి, రీస్టోర్ నొక్కాను. ఈ తేదీ తర్వాత రాసినవేవీ ఉండవు, సరేనా అని అడిగింది. సరే అన్నాం. తెర మీద మా ఇల్లు తెరుచుకుంది, కానీ పోయినేటి ఇల్లు. చివరి లైను సపోటాలు, శ్రీనగర్ కాలనీ బండి దగ్గర కొన్నవి. పక్కన మామయ్య రాసిన ముక్క, "బాగా మెత్తనివి." వెంటనే గుర్తు చేసే గంట మోగింది. అత్తయ్య బీపీ మాత్రలు తేవాలట. రేపు ఆవిడ కానుక కవరులో వెయ్యాలట.

ఆ తర్వాత కొన్ని రోజులు మా ఇంట్లో విచిత్రంగా గడిచాయి. మామయ్య పొద్దున్నే కూర్చునేవారు. ఏమీ రాసేవారు కాదు. ఆ శనివారం నుంచి మెల్లగా పైకి జరుపుతూ చదివేవారు. నేను వంటింట్లో ఉండగా హాల్లోంచి ఆయన గొంతు వినబడేది. "ఇవాళ మీ అత్తయ్య కళ్లద్దాలు మార్పించుకున్న రోజు." "ఇవాళ కుట్టుమిషనుకి బెల్టు వేయించింది." ఎదురింట్లో పట్టపగలు రాత్రయిపోయేది, మా ఇంట్లో ఈ ఏడు పోయినేడు అయిపోయేది. ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ నేనెందుకు కొన్నానో తెలియకుండానే సపోటాలు కొనుక్కొచ్చాను. కడిగి పళ్లెంలో పెట్టాక, మెత్తనివి ఏరి అత్తయ్య కోసం పక్కన పెట్టానని చూసుకున్నాను. నిజం చెప్పాలంటే నాకూ అందులోనే ఉండిపోవాలనిపించింది. అక్కడ ఆవిడ దివాన్ మీద ఉంది, కాసేపట్లో లేస్తుంది.

కానీ ఈ ఏటి బిల్లులు పేరుకుపోతున్నాయి. పాలవాడి చీటీ, కరెంటు, అన్నీ ఆ లాప్‌టాప్ పక్కనే, తాకకుండా. రాయాలంటే ముందు మధ్యలో పోయినదంతా మళ్లీ రాసుకుంటూ రావాలి. అంటే ఆ ఆదివారం మీదుగానే రావాలి. మామయ్య రావట్లేదు. ఇక రారేమోనని నాకు భయమేసింది.

మావారే దారి చెప్పారు. "అంతా తిరగరాయక్కర్లేదు నాన్నా. పోయినేటి శనివారానికీ ఇవాళ్టికీ తేడా ఎంతో చూసి, ఒక్క అడ్జస్ట్‌మెంట్ ఎంట్రీ కొట్టేస్తే చాలు. సాఫ్ట్‌వేరే చేసేస్తుంది. ఒక్క లైను."

మామయ్య కళ్లద్దాల పైనుంచి కొడుకుని చూశారు. ఆయన గొంతు పెంచగా నేను విన్నది ప్యాకప్ చెప్పేటప్పుడే. ఆ రోజు విన్నాను. "ఆ ఒక్క లైన్లో ఏముందో తెలుసురా నీకు? మీ అమ్మ ఉంది. మీ అమ్మ అడ్జస్ట్‌మెంటా?"

మావారు బాల్కనీలోకి వెళ్లిపోయారు. వెనకే వెళ్లి చూస్తే కళ్లు తుడుచుకుంటున్నారు. ఆయన మీద నా కోపం అక్కడే పోయింది.

మర్నాడు మధ్యాహ్నం మామయ్య నన్ను పిలిచారు. "అమ్మాయ్, బిల్లుల సంచి పట్రా. నేను చెబుతాను, నువ్వు కొట్టు."

బట్టల షాపు సంచిలో, వరస తప్పకుండా, అన్నీ ఉన్నాయి. ఆయన వోచరు పారేసే మనిషి కాదు. నేను టైప్ చేశాను. ఆస్పత్రి అడ్వాన్సు. స్కానింగు. ఆస్పత్రి క్యాంటీన్లో నేను తాగిన కాఫీ. ఆయన ఒక్కో కాగితం వెలుగుకి పెట్టి చదివి, బోర్లించి పెట్టారు. గొంతు మామూలుగానే ఉంది. పోయినసారీ అలాగే ఉన్నారు. సమాధుల తోట నుంచి వచ్చిన సాయంత్రం, ఇంటి నిండా చుట్టాలుండగా, ఇదే లెక్క ఒక్కరే కూర్చుని రాశారు. ఈయన గుండె రాయేమో అని ఒకరిద్దరు గుసగుసలాడడం నేను విన్నాను.

తర్వాతి కాగితం చదవలేదు, నాకే అందించారు. అత్తయ్యని పడుకోబెట్టిన పెట్టె చేసిన షాపుది. టైప్ చేశాను. ఏ పద్దు కింద రాయాలని సాఫ్ట్‌వేర్ అడిగింది. కూరలు, కరెంటు, మందులు, చర్చి, ఇతరములు.

"పోయినసారి దేని కింద రాశారు మామయ్యా?"

"ఇతరములు." ఆ కాగితం కూడా తీసుకుని బోర్లించారు. "అందులో వద్దు. కొత్త పద్దు తెరువు. మా ఆవిడ అని పెట్టు."

పెట్టాను. ఆయన ముందుకి వంగి తెర మీద ఆ రెండు మాటలూ చదివారు. కళ్లద్దాలు తీసి బిల్లుల మీద పెట్టారు.

"కాసేపాగి కొడుదువు గానీ," అన్నారు. "పోయినసారి లెక్క తప్పుతుందేమోనని ఏడవలేదమ్మా."