కుమారుల పేర్ల దగ్గర ఆరిపోయిన లైటు

దయ్యాలను నేను నమ్మను. ఈ సంగతి విన్న ప్రతివాళ్లూ "అయితే ఇప్పుడు నమ్ముతున్నవా?" అని అడిగి నా ప్రాణం తీస్తున్నారు కాబట్టి ముందే చెప్తున్నాను. ప్రింటర్ ఆగితే నేను కేబుల్ చూస్తాను. షాపుకు నిమ్మకాయలు కట్టమన్నవాళ్లతో పోట్లాట పెట్టుకున్నదాన్ని.

కల్వకుర్తిలో నాకు చిన్న డీటీపీ సెంటర్ ఉంది. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు, దశదిన కర్మ కార్డులు చేసిస్తాను. నేను వాడే తెలుగు సాఫ్ట్‌వేర్‌లో స్క్రోల్ లాక్ కీ నొక్కితే తెలుగు వస్తుంది, మళ్లీ నొక్కితే ఇంగ్లిష్. కానీ ఏది నడుస్తోందో చూపే లైటు మాత్రం వెలగదు. సగం పేజీ కొట్టి తల ఎత్తితే అంతా అర్థంపర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలే. విసిగిపోయి నేనే చిన్న ప్రోగ్రామ్ రాసుకున్నాను. తెలుగు ఉన్నంతసేపు కీబోర్డు మీది మూడో లైటు వెలుగుతుంది, ఇంగ్లిష్‌కు మారితే ఆరుతుంది. అంతే దాని పని. రెండేళ్లలో ఒక్కసారి కూడా నన్ను సతాయించలేదు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం జంగయ్య అనే ఆయన వాళ్ల నాయినను బండి మీద తీసుకొచ్చాడు. తల్లి ఎల్లమ్మ చనిపోయింది. కర్మ కార్డులు కావాలి.

"చెల్లె, జర జల్ది చెయ్యి. ఎల్లుండే దినాలు, ఊళ్లన్ని తిరిగి పంచాలె" అన్నాడు.

ఫోటో పెట్టాను, తేదీ కొట్టాను. 'కుమారులు: జంగయ్య, శ్రీశైలం' అని కొట్టి కింది లైనులో 'కోడళ్లు' అనబోతే లైటు ఆరింది. తెరమీద ఇంగ్లిష్ చెత్త. చెరిపి, కీ నొక్కి, మళ్లీ కొట్టాను. శ్రీశైలం పేరు దాటగానే మళ్లీ ఆరింది. ఐదుసార్లు ఇదే తంతు. బయట ఫ్లెక్సీ కోసం వచ్చినవాళ్లు గొణుగుతున్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

పక్క కంప్యూటర్ కీబోర్డు పీకి తగిలించాను. అదే కథ. కొత్త ఫైలు తెరిచి అవే పేర్లు కొడితే ఏ గొడవా లేదు. కార్డులోకి వస్తే మాత్రం అదే చోట ఆరుతుంది. నేను రాసిన ప్రోగ్రామే నన్ను ఆడిస్తోందని కోపమొచ్చి దాన్ని పూర్తిగా మూసేశాను. అది నడవకపోతే లైటు వెలిగే దారే లేదు. లైటు లేకుండానే కొట్టాను. అయినా శ్రీశైలం తర్వాత ఇంగ్లిషే వచ్చింది.

"నీ పాడుగాను!" అని కీబోర్డు మీద ఒక్కటి చరిచాను.

స్టూలు మీద కూర్చున్న ముసలాయన ముందుకు వంగాడు. "ఏమైతాంది బిడ్డా?" అన్నాడు.

"నాకేం తెలుసు తాతా! మీ కొడుకుల పేర్లు దాటి ముందుకు పోనిస్తలేదు."

ఆయన తెరమీది ఎల్లమ్మ ఫోటోను చాలాసేపు చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. గొంతులో మాత్రం చిరాకే.

"సచ్చినా నీ మొండితనం పోలేదే! రాపిస్త తియ్యి" అని ఫోటోతో అని, నా వైపు తిరిగాడు. "కుమార్తె అని కొట్టు బిడ్డా. అలివేలు."

జంగయ్య ఉలిక్కిపడ్డాడు. "బాపూ, దాని పేరు ఇంట్ల ఎత్తద్దన్నది నువ్వే గదనే?"

"నేనే అన్న. ఇప్పుడు నేనే చెప్తున్న."

తనకు నచ్చినవాణ్ణి చేసుకుని వెళ్లిపోయిన కూతురట. తల్లి శవాన్ని చూడటానికి వస్తే కూడా వాకిట్లోంచే పంపించేశారట. కార్డులో పేరు లేకపోతే దినాలకూ ఆమెకు పిలుపు లేనట్టే.

'కుమార్తె: అలివేలు' అని కొట్టాను, తెలుగులోనే వచ్చింది. మూడో లైటు వెలిగింది. ప్రోగ్రామ్ మూసే ఉంది. నడుస్తున్న ప్రోగ్రామ్‌ల జాబితా రెండుసార్లు చూశాను, అందులో అది లేదు. లైటు మాత్రం నిక్షేపంగా వెలుగుతోంది.

"అల్లుని పేరేందిరా?" అని ముసలాయన కొడుకును అడిగాడు.

జంగయ్య తల దించుకుని మెల్లగా, "ప్రభాకర్" అన్నాడు.

కోడళ్లు, మనుమలు, చివరన ఊరి పేరు, అన్నీ ఒక్క తప్పు లేకుండా వచ్చాయి. ఫైలు మూశాక లైటు ఆరిపోయింది.

ఆ రాత్రి షాపు మూయకుండా కూర్చున్నాను. ప్రోగ్రామ్ అక్షరం అక్షరం చదివాను. అందులో ఎవరి పేరూ లేదు. హైదరాబాద్‌లో ఉండే నా స్నేహితురాలికి పంపితే వైరస్ అంది. వెతికాను, వైరస్ లేదు. కీబోర్డులో తేమ అన్నారొకరు. మే నెలలో, మా కల్వకుర్తిలో తేమ!

దినాలు అయిన మర్నాడు ఒకామె కార్డు పట్టుకుని షాపుకొచ్చింది. మీకేం కావాలని అడిగితే తన పేరు మీద వేలు పెట్టి చూపించింది.

"అక్కా, ఇది మా అన్న రాపిచ్చిండా? మా బాపు నోటితోనే చెప్పిండా?"

"మీ బాపు నోటితోనే చెప్పిండు. నేను విన్న."

ఆమె అక్కడే, ఆ స్టూలు మీదే కూలబడి ఏడ్చింది. నేను మంచినీళ్లిచ్చాను. ఏడుపు ఆగాక, "ఆయనకు ఎట్ల మనసొచ్చిందక్కా?" అని అడిగింది.

కీబోర్డు ఆమె వైపు జరిపి, ఆ మూడో లైటు సంగతి మొదటి నుంచి చెప్పాను.