నిన్న ఏం తిన్నావమ్మా?

సాయంత్రం పూట గవర్నర్‌పేటలో బజ్జీల బండి పక్కనుంచి నడిస్తే, వాము కలిపిన శనగపిండి వేగే వాసనకు నా కాళ్ళు వాటంతటవే ఆగిపోతాయి. డాక్టరు వద్దన్నారని గుర్తొచ్చి ఒకటి తగ్గిస్తాను తప్ప మానను. ఆ వాసన తగిలితే చాలు, సుగుణ మేడం గుర్తొస్తారు. డెబ్బైల నాటి సంగతి. ఆవిడ నా పిహెచ్.డి. గైడ్. నేతచీర, భుజాన గుడ్డసంచి, ఆదివారం చర్చికి వెళ్ళే వేళ తప్ప సెలవన్నది ఎరగని మనిషి. పల్లెల్లో కూలి కుటుంబాలు ఏం తింటున్నాయన్నది నా పరిశోధన. మనుషుల్ని ఎలా అడగాలో, ఏది అడగకూడదో, వాళ్ళు చెప్పినదాన్ని ఎంత జాగ్రత్తగా చూసుకోవాలో నేర్పింది ఆవిడే.

ఆవిడకో చాదస్తం ఉండేది. కనీసం మేము అలా అనుకునేవాళ్ళం. "వాళ్ళని అడిగే ప్రతి ప్రశ్నా ముందు వాళ్ళచేత మనల్ని అడిగించుకోవాలి" అనేవారు. నేను బుద్ధిగా తలూపి, మేడం రాని రోజుల్లో ఆ తతంగం ఎగ్గొట్టి, గబగబా ముప్పై ఇళ్ళు పూర్తిచేసేశాను. ఇంకో పది రాస్తే థీసిస్ ఇచ్చేయొచ్చు. ఒక కాలేజీవాళ్ళు లెక్చరర్ ఉద్యోగం జూన్ దాకా నాకోసం ఆపుతామన్నారు. నేను గాల్లో తేలిపోతున్నాను.

ముప్పై ఒకటో ఇంటికి మేడం కూడా వచ్చారు. హనుమాన్ జంక్షన్ దగ్గర పల్లె. నాగమ్మ అనే కూలిమనిషి వాకిట్లో పదిమంది ఆడవాళ్ళు చేరారు. "నిన్నేం తిందో ముందు మా పిల్లని అడగండమ్మా" అని మేడం నన్ను ముందుకు తోశారు. నాగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నిన్న ఏం తిన్నావమ్మా?"

అందరూ నావంకే చూస్తున్నారు. "అన్నం, పప్పు, గోంగూర, పెరుగు" అన్నాను తడుముకోకుండా.

"మరి తమరండీ, అమ్మగారూ?"

"నేనా!" అన్నారు మేడం. "పొద్దున్న కాఫీ. మధ్యాహ్నం బస్సు తప్పిపోయి జంక్షన్లో నాలుగు మిరపకాయ బజ్జీలు. రాత్రి బద్ధకమేసి రెండు అరటిపళ్ళు తిని పడుకున్నా. కాలేజీలో మాత్రం మంచి తిండి గురించి పాఠాలు చెప్తానమ్మా!"

వాకిలంతా ఒకటే నవ్వు. జంక్షన్లో ఆవిడ పక్కనే కూర్చుని ఆరు బజ్జీలు తిన్నదాన్ని నేను. మేడం ఆ గుట్టు విప్పలేదు. నవ్వులు సద్దుమణిగాక నాగమ్మ నెమ్మదిగా అంది.

"అయితే నేనూ ఉన్నదున్నట్టు చెప్తానండి. నిన్న పని దొరకలా. గంజి తాగి పడుకున్నాం. ఇందాకటిదాకా అన్నం, పప్పు అనే చెబుదామనుకున్నా."

నా ముప్పై కాగితాల్లోనూ అన్నం, పప్పే ఉన్నాయి. చదువుకున్న నాకే పదిమందిలో నిజం చెప్పడం నామోషీ అయింది. ముక్కూమొహం తెలియని పిల్ల కలం పట్టుకుని గుమ్మంలో నిలబడితే వాళ్ళు మాత్రం ఏం చెబుతారు?

తిరుగు బస్సులో ఏడుపు గొంతుతో అన్నీ చెప్పేశాను. "ఆ ముప్పై అలాగే ఉంచేద్దామండీ. ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

"నీకు తెలిసింది కదమ్మా."

"ఉద్యోగం పోతుందండీ."

"పోవచ్చు. పోదని అబద్ధం చెప్పలేను. మళ్ళీ తిరుగుదాం, నేనూ వస్తా."

ఉద్యోగం నిజంగానే పోయింది. వారం రోజులు మేడం మీద అలిగాను కూడా. కానీ ఆ తర్వాతి ఏడాది ఉన్నంత సంతోషంగా నేనెప్పుడూ లేను. ప్రతి గుమ్మంలోనూ ముందు నా బజ్జీల కథ చెప్పేదాన్ని. నాకు 'బజ్జీల పిల్ల' అని పేరు పెట్టేశారు. నవ్వి నవ్వి పక్కన కూర్చోబెట్టుకుని, పొయ్యి వెలగని రోజుల గురించి కూడా చెప్పేవారు. చెప్పడం ఇష్టం లేదన్నవాళ్ళకి నమస్కారం పెట్టి వచ్చేసేవాళ్ళం.

థీసిస్‌లో మేడం ఒక వాక్యం పట్టుబట్టి రాయించారు: 'మొదటి ముప్పై కుటుంబాల వివరాలు వదిలేశాను; తప్పు వారిది కాదు, అడిగిన నాది.' దాంతో నా డిగ్రీ గల్లంతేననుకున్నాను. వైవాలో పరీక్షకుడిగా వచ్చిన పెద్దాయన సరిగ్గా ఆ పేజీయే తెరిచారు. రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి, "అయితే మిగతాదంతా నమ్మొచ్చన్నమాట" అన్నారు. మేడం కళ్ళనీళ్ళతో నవ్వుతున్నారు. నాకు పట్టరాని ఆనందమేసింది.

తర్వాత నేనూ ఎందరికో గైడ్‌నయ్యాను. ఏ థీసిస్ చేతికొచ్చినా, ఫలితాలకన్నా ముందు, రాసినవాడు తను ఎక్కడ పొరబడ్డాడో రాసుకున్న పేజీ కోసం వెతుకుతాను. అది కనబడకపోతే పిల్లవాణ్ణి పిలిచి కూర్చోబెట్టి, ముందు నా బజ్జీల కథ చెబుతాను.