కాక ఫోనుకొచ్చే మెసేజి

మా పక్కింటి కాక చనిపోయి రెండు వారాలైంది. తొర్రూరు దగ్గర, ఇరవై ఏళ్లుగా కౌలుకు చేస్తున్న చేనులోనే, పత్తికి మందు కొడుతూ కూలబడిపోయాడు. ఆటోలో వరంగల్ దవాఖానకు చేర్చేసరికే ప్రాణం లేదు. గుండె ఆగిందన్నారు.

మర్నాడు వ్యవసాయ శాఖ సారు వచ్చి, రైతులకిచ్చే బీమా కోసం పట్టా పుస్తకం అడిగాడు. లేదన్నాం. "ఆయన పేరు మీద గుంట భూమి లేకపోతె నేనేం జెయ్యాలె అన్నా," అని తెచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మంచివాడే, ముఖం చిన్నబోయింది. కానీ ఇరవై ఏళ్లు దున్నినవాడు రైతు కాదట.

నాకు తొర్రూరులో జిరాక్సు దుకాణం ఉంది. కాక కాగితాలన్నీ నా చేతి మీదుగానే నడిచేవి. వచ్చిన ప్రతిసారీ బయట డ్రమ్ము నీళ్లతో చేతులు కడుక్కుని, తువ్వాలకు తుడుచుకున్నాకే కాగితం ముట్టుకునేవాడు. "జర కొట్టివేతలు లేకుంట రాయి బిడ్డా. సర్కారోళ్లు సదువుతరు," అనేవాడు. ఎవరు చదివారో నాకైతే తెలియదు.

సర్కారు రైతులకిచ్చే పెట్టుబడి సాయానికి పేర్లు రాసుకున్న సంవత్సరం, కాక కౌలుకు చేసే చేను గల పటేలు హనుమకొండ నుంచి రాలేదు, పట్టా పుస్తకం జిరాక్సు పంపాడు. ఆయన తరఫున నేను నింపిన ఫారంలో ఫోన్ నంబరు గడి ఒక్కటే ఖాళీగా మిగిలింది. చేను చేసేది కాకే కదా అని కాక నంబరు రాసేశాను. ఆ తెలివితక్కువ పని నాదే. అప్పటి నుంచి పైసలు పటేలు ఖాతాలో పడేవి, మెసేజి కాక ఫోనుకు వచ్చేది.

నంబరు మారుస్తానంటే కాక వద్దన్నాడు. "ఉండనీ బిడ్డా. నేనొకడున్ననని సర్కారుకు ఎరుకైంది గా ఒక్క జాగల్నే."

మెసేజి రాగానే నాతో చదివించుకుని, అక్కడే నిలబడి ఫోన్ చేసేవాడు. "పటేలా, పైసలు పడ్డయి. చూసుకోండ్రి." ఆ గొంతులో కుళ్లు ఉండేది కాదు. కుళ్లంతా వింటున్న నాకే.

కౌలు చేసేవాళ్లకూ ఆ సాయం ఇస్తారని మాట పుట్టినప్పుడు మాత్రం కాక కుదురుగా ఉండలేకపోయాడు. నాతో ఫారం రాయించుకుని, తెల్లచొక్కా తొడుక్కుని, పటేలు సంతకం కోసం బస్సెక్కాడు. పటేలు చాయ్ పోయించాడు, బాగోగులు అడిగాడు, సంతకం పెట్టలేదు. సంతకం పెడితే రేపు కాక భూమి నాదంటాడేమోనని ఆయన భయం. కాక తిరిగొచ్చి ఫారం నా టేబుల్ మీద పెట్టాడు.

"నీ దగ్గర్నే ఉండనీ. ఇంట్ల ఎలుకలు కొడ్తయి."

అది ఇంకా నా సొరుగులోనే ఉంది. ఒక్క కొట్టివేత లేదు. చింపేయడానికి చేతులు రావడం లేదు, దాచి చేసేదీ లేదు.

మొన్న దినాలు చేశారు. చుట్టాలు అన్నాలు తింటుండగా గూట్లో కాక ఫోను మోగింది. కాక భార్య, చిన్నమ్మ, తెచ్చి నా చేతికిచ్చింది. ఈసారి ఆలస్యమైన పెట్టుబడి సాయం జమ అయిందని మెసేజి. అదే చెప్పాను.

"మనకేనా బిడ్డా?"

"కాదు చిన్నమ్మా. పటేలుకు."

చిన్నమ్మ మెల్లగా అంది, "అయితె ఫోన్ జేసి చెప్పు. ఆయిన ఉంటె ఈపాటికి చెప్తుండె."

చేశాను, చెప్పాను. చిన్నమ్మ ఫోను తీసుకుని కొంగుతో తుడిచింది. కాక రోజూ పెట్టినట్టే, గూటి పక్కన చార్జింగుకు పెట్టింది.