ఏరియల్ కింద రబ్బరు

నాకు కోపం తొందరగా రాదు. వచ్చిందంటే మాత్రం పోదు. ఇంట్లోవాళ్లకి ఈ సంగతి తెలుసు కాబట్టి జాగ్రత్తగా ఉంటారు. ఉప్పల్‌లో కార్లకి స్టీరియోలు బిగించే ఆ మనిషికి తెలియదు. తెలియకే నా చేతిలో పడ్డాడు.

రెండువేల ఎనిమిది ప్రాంతం అనుకుంటాను. అప్పుడు నేను నాచారంలో వైర్‌లెస్ సామాను చేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో టెస్టింగ్ టెక్నీషియన్‌ని. గుంటూరు వైపు నుంచి వచ్చి పదేళ్లయింది. మల్కాజిగిరిలో అద్దె ఇల్లు, నెల తిరిగేసరికి సరిపోయే జీతం, ఆ జీతానికి బొత్తిగా నప్పని ఒక పిచ్చి. పాత డీజిల్ జీపు, ఫోర్ వీల్ డ్రైవ్. అలాంటి పిచ్చి ఉన్నవాళ్లం పదిమందిమి ఆదివారం పొద్దున్నే ఉప్పల్ చౌరస్తాలో కలిసి, టీ తాగి, వరంగల్ రోడ్డు పట్టుకుని, అన్నోజిగూడ దాటాక పాత క్వారీల్లోకి దిగేవాళ్లం. బండ్లని రాళ్లు ఎక్కించడం, ఇరుక్కుంటే తాడు కట్టి లాగడం, మధ్యాహ్నానికి ఒళ్లంతా దుమ్ముతో ఇంటికొచ్చి పెళ్లాం చేత తిట్లు తినడం. అందులో ఇంతకు మించి ఏమీ లేదు.

క్వారీ లోపల సెల్‌ఫోన్లు పనిచేసేవి కావు. అందుకని సీబీ రేడియోలు తెచ్చుకున్నాం. లైసెన్సు అక్కర్లేని చిన్న సెట్టు, డ్యాష్‌బోర్డు కింద బిగించుకుంటారు. మైకు మీట నొక్కి మాట్లాడితే గుంతలో ఉన్న బండికి, గట్టు మీదున్న బండికి వినిపిస్తుంది. సెట్టు ఎంత మంచిదైనా పని అంతా ఏరియల్‌లో ఉంటుంది. నా ఉద్యోగమే అది కాబట్టి మా జట్టులో ఈ విషయానికి నేనే పండితుణ్ణి. కనీసం నేనలా అనుకునేవాణ్ణి.

మొదటి ఏరియల్ నా జీపుకే బిగించుకున్నాను, వెనక బంపర్‌కి, నీళ్ల పైపుల క్లాంపులతో. సెట్టు తోసిన కరెంటు ఎంత వెనక్కి తిరుగుతోందో చెప్పే మీటరు పెట్టి చూస్తే, ముల్లు ఎక్కడుండాలో అక్కడే, బాగా కిందే ఉంది. కానీ బండి రాయి ఎక్కేటప్పుడు బంపర్ నేలకి తగులుతుందన్న సంగతి మీటరు చెప్పదు కదా. క్వారీలో మొదటి బండ దగ్గరే ఏరియల్ వంగి, ఊడి, కింద పడింది. ఆ రోజు మా జట్టు పెద్ద తన వెంట ఒక స్టీరియో మెకానిక్‌ని తీసుకొచ్చాడు. పెద్ద అంటే ఘట్‌కేసర్ దగ్గర కోళ్లఫారాలున్న ఆయన, మాలో అందరికంటే డబ్బూ వయసూ ఉన్నవాడు. ఆ మెకానిక్ దిగి వచ్చి, నా ఏరియల్‌ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిది ఏరియలేనా అన్నా, బట్టలారేసే కట్టెనా?"

పదిమందీ పగలబడి నవ్వారు. పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు. నేనూ నవ్వాను, నవ్వకపోతే ఇంకా చులకనవుతాం. ఆ తర్వాత మూడు నెలలు రేడియోలో నా గొంతు వినిపించగానే ఎవడో ఒకడు "అన్నా, బట్టలారినయా?" అనేవాడు. అతనికి మాత్రం అందులో ఏ విషమూ లేదు. అన్నాడు, మరిచిపోయాడు. పైగా వచ్చే వారానికల్లా నా కోసం సొంతంగా ఒక బ్రాకెట్ తయారుచేసి తెచ్చాడు. వెనక తలుపు మీద స్టెప్నీ టైరు ఉంటుందే, దాని బోల్టులకి తగిలే ఇనుప ముక్క. దాని మీద స్ప్రింగు, స్ప్రింగు మీద ఏరియల్. కొమ్మ తగిలితే వంగుతుంది, మళ్లీ లేస్తుంది. ఎంత చక్కని పనంటే చూడగానే నా కడుపు మండిపోయింది. దాన్ని ఇంట్లో ఒక మూల పడేసి, వంగిన ఏరియల్‌నే సరిచేసి మళ్లీ బంపర్‌కి బిగించుకున్నాను.

అతనిది జనగామ వైపు. మొదట డెంటింగ్, పెయింటింగ్ షెడ్డులో పనిచేసి, తర్వాత ఉప్పల్ రోడ్డు మీద ఒక్క షట్టర్ తీసుకుని కార్ స్టీరియోలు పెట్టాడు. ఏడెనిమిదేళ్లు బాగానే నడిచింది. ఇప్పుడు కొత్త కార్లన్నీ కంపెనీ నుంచే స్టీరియోతో దిగుతున్నాయి. వారానికి ఒక్క బండి వస్తే గొప్ప. "ఇగ షట్టర్ దించుడేనేమో అన్నా. గీ రేడియోల పని దొరికితే బతికిపోత" అని నాతోనే చెప్పాడు. పెద్దాయన మాటిచ్చాడు కూడా. ముందు తన బండికి బిగించాలి, అది బాగుంటే మిగతా తొమ్మిది బండ్లూ అతనికే. మాకు తెలిసినవాళ్లు, వాళ్లకి తెలిసినవాళ్లు జీపులు కొంటూనే ఉన్నారు. ఒక కొత్త వృత్తి అతని గుమ్మం దాకా వచ్చి నిలబడింది.

పెద్దాయన బండి బిగించిన రోజు నేను ఆ షట్టర్ ముందే స్టూలు మీద కూర్చున్నాను. ఆ వారం నా షిఫ్టు మధ్యాహ్నం నుంచి. నాలుగు గంటల పని, మొత్తం చూశాను.

డెంటింగ్ షెడ్డులో పెరిగిన చేతులు కదా, ఇనుము ఎక్కడా బోడిగా కనబడకూడదు అతనికి. "వానొస్తె తుప్పు పడ్తది" అంటూ బ్రాకెట్‌కి ప్రైమర్ కొట్టి, బండి రంగే తెచ్చి రెండు కోటింగులు వేశాడు. కింద సైకిల్ ట్యూబు కత్తిరించి పరిచాడు, బండి పెయింటు గీసుకుపోకుండా. బోల్టులకి కూడా రబ్బరు బుష్షులు తొడిగాడు, గతుకుల్లో కటకటలాడకుండా. ఒక కారుకి అంత శ్రద్ధగా ఎవరైనా చేయడం నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

శ్రద్ధంతా తప్పే. పాటలు వినే ఏరియల్‌కి ఇది నడుస్తుంది, మాట్లాడే ఏరియల్‌కి నడవదు. దాని పాదం బండి ఇనుముకి నేరుగా, పెయింటు గోకేసి మరీ తగలాలి. ఆ ఏరియల్‌కి బండి ఒళ్లే సగం. మధ్యలో రబ్బరు పెడితే సెట్టు బయటికి తోసిన కరెంటు పోయే దారిలేక వెనక్కి తిరుగుతుంది, సెట్టునే కాలుస్తుంది. వింటున్నంతసేపూ ఏమీ తెలియదు, మాట్లాడినప్పుడే మూడుతుంది. అతను పదేళ్లుగా బిగించినవన్నీ వినే ఏరియళ్లే. బిగించాక పరీక్ష అంటే చెవి పెట్టి వినడమే అతనికి తెలుసు.

అలాగే విన్నాడు. చౌరస్తా దగ్గర మావాడొకడు తన బండిలోంచి మాట్లాడుతుంటే గొంతు ఖణీమని వచ్చింది. అతని మొహం వెలిగిపోయింది. చేతులు తుడుచుకుంటూ నా వైపు తిరిగాడు.

"జర సూడన్నా. గిట్ల సరేనా? నువ్వు సదువుకున్నోనివి."

ఒక్క మాట చాలు. 'కింద రబ్బరు తీసెయ్యండి' అంటే అయిపోయేది, పావుగంట పని. నోటి దాకా వచ్చింది కూడా. అప్పుడే అతను నా జీపు వైపు చూసి నవ్వాడు. ఎందుకు నవ్వాడో నాకు తెలియదు, ఊరికే సంతోషంతోనే అయ్యుంటుంది. నాకు మాత్రం బట్టల కట్టె గుర్తొచ్చింది.

"మీకు తెలియనిదేముంది?" అన్నాను.

అతను సిగ్గుపడ్డాడు. "మీరు గీరు అంటవెందుకే అన్నా" అని లోపలికెళ్లి నాకు టీ చెప్పాడు. ఆ టీ తాగి డ్యూటీకి వెళ్లాను. ఆ మధ్యాహ్నం ఫ్యాక్టరీలో ఈల వేసుకుంటూ పనిచేశానంటే నమ్మండి.

ఆదివారం క్వారీకి నేను మీటరు సంచిలో పెట్టుకుని వెళ్లాను. మామూలుగా తీసుకెళ్లను. ఆ రోజే ఎందుకు తెచ్చావని ఎవరూ అడగలేదు. మీట నొక్కితే వదలని మనిషి మా పెద్దాయన. గట్టు మీద బండి ఆపి, మైకు పట్టుకుని, గుంతలో ఉన్న బండికి దారి చెప్పడం మొదలుపెట్టాడు. ఎడమకి తిప్పు, కుడికి తిప్పు, మధ్యలో కోళ్ల దాణా కబుర్లు. కిందున్నవాళ్లకి ముక్కలు ముక్కలుగా వినబడుతోందట. "ఏంది, ఇనబడ్తలేదా?" అని ఇంకా గట్టిగా అరిచాడు, ఇంకాసేపు నొక్కాడు. పది నిమిషాల్లో సెట్టులోంచి కాలిన వాసన. ఆపైన చప్పుడు లేదు. బయటి దేశం నుంచి తెప్పించుకున్న సెట్టు అది.

మెకానిక్ పక్కనే నిలబడి ఉన్నాడు. ఆ రోజుకని ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. "నిన్న మంచిగనే ఇనబడ్డది పటేలా, మంచిగనే ఇనబడ్డది" అంటున్నాడు, ఇంకేమీ తోచక.

అప్పుడు నేను మీటరు తీశాను. నా సెట్టు తెచ్చి పెద్దాయన ఏరియల్‌కి కలిపి, ఒక్క క్షణం మీట నొక్కి, ముల్లు చివరికి కొట్టుకోవడం అందరికీ చూపించాను. స్క్రూడ్రైవర్‌తో బ్రాకెట్ కింద నుంచి సైకిల్ ట్యూబు ముక్క లాగాను. ఎర్త్ అంటే ఏమిటో, అది లేకపోతే ఏమవుతుందో క్లాసు పీకాను. చివర్లో, మూడు నెలలుగా దాచుకున్నది బయటికి తీశాను.

"దీని మీద బట్టలు మాత్రం బాగా ఆరతాయి."

అంతకు ముందుకంటే గట్టిగా నవ్వారు. అతను ఆ ట్యూబు ముక్క నా చేతిలోంచి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. నేను అతని మొహం చూడకుండా తప్పించుకున్నానని రాస్తే అబద్ధం. చూశాను, తనివితీరా చూశాను.

అక్కడితో ఆగి ఉంటే ఇది రాసేవాణ్ణి కాదు. మూడోరోజో నాలుగోరోజో డ్యూటీ దిగి వస్తుంటే ఫ్యాక్టరీ గేటు దగ్గర సంచితో నిలబడి ఉన్నాడు. ఉప్పల్ నుంచి నాచారం దాకా నడిచే వచ్చాడట. సంచిలో కొత్త బ్రాకెట్. అడుగున పెయింటు శుభ్రంగా గోకేశాడు, ఇనుము తళతళలాడుతోంది. పళ్లతో ఇనుముని కరిచిపట్టే కొరుకుడు వాషర్లు వేశాడు, బ్రాకెట్‌కీ బండి ఒంటికీ మధ్య రాగి పట్టీ ఒకటి అదనంగా. నేను చెప్పిన క్లాసంతా అంత అవమానంలోనూ అక్షరం పోకుండా విన్నాడన్నమాట.

గేటు బయటే నా జీపుకి బిగించి మీటరు పెట్టాను. నా బంపర్ ఏరియల్ కంటే ముల్లు ఇంకా కిందే ఆగింది.

"సరైందా?" అన్నాడు.

"సరైంది."

"గంతే సాలన్నా. నా మాట ఇప్పుడు వాళ్లు ఇనరు. ఆదివారం నువ్వొక్క మాట సెప్పు. ఈసారి నువ్వే సూసినవ్ కదా. నీ మాటైతె ఇంటరు."

"చెప్తాను" అన్నాను. "బ్రాకెట్ నా దగ్గరే ఉంచండి, చూపిస్తాను."

ఆదివారం టీ దగ్గర పెద్దాయనే అడిగాడు, "ఏమాయె, ఆ స్టీరియో ఆయన మల్ల వచ్చిండా? సెట్ జేసిండా?" అని. జీపు వెనక సీటులోనే ఉంది అతని బ్రాకెట్.

"ఆయన వల్ల కాదండీ" అన్నాను.

తర్వాతి మూడు నాలుగు ఆదివారాల్లో ఆ పని నేనే చేశాను. నాచారంలో ఒక వెల్డింగ్ షాపులో అతని బ్రాకెట్‌ని నమూనాగా ఇచ్చి తొమ్మిది చేయించాను. రాగి పట్టీతో సహా. అందరూ మెచ్చుకున్నారు. అతను మళ్లీ ఫ్యాక్టరీకి రాలేదు, ఏమైందని అడగలేదు. వానలు మొదలయ్యేలోపు ఆ షట్టర్ మీద వేరే బోర్డు పడింది.

తెలంగాణ వచ్చిన ఏడాది, జీపు టైర్లు అరిగి ఉప్పల్ డిపో దాటాక ఉన్న ఒక టైర్ల షాపులో ఆపాను. మెట్రో స్తంభాలు లేచి ఆ రోడ్డు గుర్తుపట్టేలా లేదు. జాకీ తీసుకుని నా బండి కిందికి దూరుతున్న మనిషిని మాత్రం గుర్తుపట్టాను. గడ్డం నెరిసింది. లేచి నన్ను చూసి, గ్రీజు చేతులు ప్యాంటుకి తుడుచుకుని, రెండు చేతులతో నా చెయ్యి పట్టుకున్నాడు. షాపు యజమాని అతని కంటే బాగా చిన్నవాడు, కౌంటర్ దగ్గర ఫోను చూసుకుంటున్నాడు. మెకానిక్ ఆ యజమానిని గట్టిగా పిలిచాడు.

"సేట్, నేను సెప్త కదా, రేడియోల పని నాకొచ్చు అంటె నువ్వు నవ్వుతవ్. గీ అన్ననడుగు. మీటరు పెట్టి సూసిండు. సరైందన్నడు. నా కోసం గంతమందిల మాట్లాడిండు, వాళ్లే ఇనలే. గంతే గదన్నా?"

యజమాని ఫోను దించి నా వైపు చూశాడు. అతనూ చూస్తున్నాడు, చెయ్యి వదలకుండా. నేను మాట్లాడే ఉంటానని తనకు తానే అనుకుని, ఆరేళ్లుగా ఆ ఒక్క సంగతి పట్టుకుని బతుకుతున్నాడని అప్పుడర్థమైంది. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదని కూడా తెలుసు.

"ఎంత చెప్పినా వినలేదు" అన్నాను.

అతను యజమాని వైపు తిరిగి, విన్నావా అన్నట్టు తలెగరేశాడు. తర్వాత నాకు కుర్చీ వేసి, నాలుగు టైర్లూ తనే మార్చాడు.